గ్యాస్ బండకు ఎక్స్‌పైరీ ఉంటుందా? అసలు ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది?

క్లుప్తంగా: బండ మీద రాసి ఉండే ‘బి-27’ లాంటి గుర్తు లోపలి గ్యాస్ గడువు గురించి కాదు, ఉక్కు బండను మళ్లీ పరీక్షకు పంపాల్సిన తేదీ గురించి. ఇళ్లలో జరిగే పేలుళ్లలో చాలావాటిలో బండ పగలదు. వాషర్, రెగ్యులేటర్, పైపు, ఆరిపోయిన బర్నర్, వీటిలో ఏదో ఒకచోట బయటికొచ్చిన గ్యాస్ నేలమీద పరుచుకుని, నిప్పురవ్వ తగిలి గదినే పేల్చేస్తుంది. ఓ మామూలు వంటగదిలో అందుకు 100 గ్రాముల గ్యాస్ కూడా అక్కర్లేదు.

ఎక్కడైనా ఒక ఇంట్లో గ్యాస్ పేలుడు జరిగిందంటే చాలు, ఒకటి రెండు రోజుల్లో ఫోన్లలో సందేశాలు తిరగడం మొదలవుతుంది. ‘మీ బండ ఎక్స్‌పైరీ చూసుకున్నారా’ అని ఒకటి, ‘గ్యాస్ ప్రమాదానికి లక్షల బీమా, ఎవరికీ తెలియని రహస్యం’ అని మరొకటి. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం వల్ల జనం తేదీ చూసి నిశ్చింతగా ఉండిపోతారు. ఆ తేదీ లీకేజీని ఆపలేదు.

## బండ మీది అక్షరం ఏం చెబుతుంది

బండ పైన పట్టుకునే గుండ్రటి పిడిని మూడు ఇనుప పట్టీలు మోస్తుంటాయి. వాటి లోపలి వైపు చూస్తే ఒకదానిమీద ఖాళీ బండ బరువు, మరొకదానిమీద ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. అక్షరం మూడు నెలల కాలానికి గుర్తు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. ‘బి-27’ ఉంటే 2027 జూన్ నెలాఖరులోగా ఆ బండ పరీక్షకు వెళ్లాలి.

ఆ పరీక్షలో బండలో నీళ్లు నింపి, చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి పెట్టి చూస్తారు. వాడకంలో లోపల ఉండే ఒత్తిడికి ఇది కొన్ని రెట్లు ఎక్కువ. కొత్త బండకు మొదటి పరీక్ష 10 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఒకసారి జరుగుతుంది. లోపలున్న గ్యాస్ పాడైపోయే సరుకు కాదు, దానికి గడువంటూ లేదు.

తేదీ దాటిన బండ ఇంటికి వస్తే తీసుకోకుండా మార్చి ఇమ్మనాలి, అది వినియోగదారుడి హక్కు. బరువూ అప్పుడే చూసుకోవచ్చు. పట్టీ మీద 15.6 అని ఉంటే, 14.2 కిలోల గ్యాస్ కలిపి తూకం 29.8 దగ్గర ఉండాలి. డెలివరీకి వచ్చినవారి దగ్గర కాటా ఉండాలి, ఇంటి ముందే తూయమని అడగొచ్చు. ఇంతవరకూ తేదీ, బరువు పనికొస్తాయి. అయితే ఆ పరీక్ష జరిగింది ఉక్కుకు. మీ ఇంటి పైపును, రెగ్యులేటర్‌ను ఆ పరీక్ష చేసే ప్లాంటులో ఎవరూ చూడలేదు.

## బండ అలాగే ఉంటుంది, గది పేలుతుంది

పేలుడు జరిగిన ఇళ్ల ఫొటోలు గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. గోడ ఒరిగిపోయి, తలుపులు ఊడి వీధిలో పడి, కప్పు రేకులు ఎగిరిపోయి ఉంటాయి. మూలన బండ మాత్రం మసి పట్టి నిలబడే ఉంటుంది. ‘సిలిండర్ పేలి’ అని శీర్షిక వచ్చే ఘటనల్లో చాలాచోట్ల నిజంగా పేలింది గదిలో గాలితో కలిసిన గ్యాస్.

దీనికి మూలం ఎల్పీజీ స్వభావంలో ఉంది. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ గ్యాస్ బండలో ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. బయటికి వస్తే సుమారు 250 రెట్లు విస్తరిస్తుంది. పైగా గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకే పొగలా పైకి లేచి కిటికీలోంచి పోదు. ఒలికిన నీళ్లలా నేల పట్టుకుని పాకుతుంది. గట్టు కింది అరలోకి, ఫ్రిజ్ అడుగుకి, గడప దాటి పక్క గదిలోకి, తూములోకి దిగుతుంది. గాలిలో దాని వాటా సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైతే మండదు, ఎక్కువైనా మండదు. ఎక్కువైన గదిలో తలుపు తీస్తే గాలి కలిసి, మండే పాళ్లకు దిగివస్తుంది.

లెక్క వేస్తే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటగదిలో సుమారు 22.6 ఘన మీటర్ల గాలి పడుతుంది. అందులో 2 శాతమంటే 0.45 ఘన మీటరు. ఒక కిలో ఎల్పీజీ ఆవిరైతే ఇంచుమించు అర ఘన మీటరు అవుతుంది. అంటే గది మొత్తం మండే స్థాయికి రావడానికి కిలోకి కాస్త తక్కువ గ్యాస్ చాలు, 14.2 కిలోల బండలో అది పదిహేనో వంతు. అయితే గ్యాస్ గదంతా సమంగా కలవదు. కిందనే ఒక అడుగు మందాన పేరుకుందనుకుంటే, ఆ పొర అంటుకోవడానికి 95 గ్రాములు సరిపోతుంది.

95 గ్రాములు బయటికి రావడానికి ఎంతసేపు పడుతుంది? పెద్ద బర్నర్ పూర్తిగా తిప్పితే గంటకు 150 గ్రాముల దాకా వాడుతుంది. పాలు పొంగి మంట ఆరిపోయి, ఎవరూ చూడకపోతే, తలుపులు మూసిన వంటగదిలో 40 నిమిషాల్లో ఆ మోతాదు వచ్చేస్తుంది. వాషర్ దగ్గర సన్నటి లీకు ఉందనుకుందాం, బర్నర్ వాడేదానిలో పదోవంతు, గంటకు 15 గ్రాములు. రాత్రి 10 గంటలకు వంటగది తలుపు మూసి పొద్దున 5 గంటలకు తెరిస్తే, ఆ ఏడు గంటల్లో 105 గ్రాములు చేరుతాయి. సందుల్లోంచి కొంత పోవచ్చు, కొంత పైకి కలవచ్చు. మోతాదు ఎంత చిన్నదో తెలియడానికి ఈ లెక్క చాలు.

‘తెల్లవారుజామున లైటు వేయగానే పేలుడు’ అని వార్తల్లో తరచూ కనిపించడానికి కారణం ఇదే. స్విచ్ వేసినా, ఆర్పినా లోపల రేకులు కలిసి విడిపోయే క్షణంలో చిన్న మెరుపు పుడుతుంది. ఆర్పినప్పుడు పుట్టే మెరుపు తక్కువేం కాదు, అందుకే లీకు ఉన్నప్పుడు వెలుగుతున్న లైటును కూడా ఆర్పకూడదు. ఫ్రిజ్ థర్మోస్టాట్‌కు ఎవరి చెయ్యీ అక్కర్లేదు, దానంతట అదే ఆన్, ఆఫ్ అవుతుంది. పూజ మూలన నేలమీద వెలిగే దీపం సరిగ్గా గ్యాస్ పేరుకునే ఎత్తులోనే ఉంటుంది.

ఇదే ప్రక్రియ పెద్ద స్థాయిలో జరిగితే ఎలా ఉంటుందో విశాఖపట్నం చూసింది. 1997 సెప్టెంబరు 14న ఉదయం హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) రిఫైనరీలో లీకైన ఎల్పీజీ మేఘంలా పరుచుకుని అంటుకుంది. 50 మందికి పైగా చనిపోయారు. రిఫైనరీకి, వంటగదికి పరిమాణంలో పోలిక లేదు. గ్యాస్ నేలబారున కదిలి, దూరంగా ఉన్న నిప్పును తనే వెతుక్కుంటూ వెళ్లడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

## బండకూ పొయ్యికీ మధ్య ఉన్న దారి

బండ నోట్లో వాల్వ్ లోపల నల్లటి రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. అందరూ వాషర్ అనేది దీన్నే. రెగ్యులేటర్ గొట్టం దీని గుండా బిగుతుగా దిగితేనే గ్యాస్ పక్కలకు రాకుండా ఆగుతుంది. వాడగా వాడగా రబ్బరు ఎండి బీటలు వారుతుంది, అంచు తెగుతుంది. ఒక్కోసారి పాత బండ నుంచి రెగ్యులేటర్ లాగేటప్పుడు వాషర్ దానికే అతుక్కుని ఊడొస్తుంది. అది గమనించకపోతే కొత్త బండకు రెగ్యులేటర్ సరిగ్గా కూర్చోదు. కొత్త బండ మూత తీయగానే లోపల వాషర్ ఉందా, గుండ్రంగా సరిగ్గా కూర్చుందా అని చూడటానికి పది సెకన్లు పట్టదు. లేకపోతే రెగ్యులేటర్ పెట్టకుండా మూత బిగించి, ఏజెన్సీకి చెప్పాలి. బయట దొరికే ఏదో వాషర్ తెచ్చి వేలితో నొక్కేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. కొలత కొద్దిగా తేడా వచ్చినా అది సన్నటి లీకుకు దారే.

రెగ్యులేటర్ పని ఒత్తిడి తగ్గించడం. బండలో చదరపు సెంటీమీటరుకు కిలోల లెక్కలో ఉన్న ఒత్తిడిని సుమారు 30 గ్రాములకు దించి పొయ్యికి పంపుతుంది. లోపల రబ్బరు పొర, స్ప్రింగు ఉంటాయి. పైన కనిపించే చిన్న రంధ్రం ఆ పొర కదలడానికి గాలి అందించేది, దాన్ని జిడ్డుతోనో రంగుతోనో మూసుకుపోనివ్వకూడదు. పొర చిరిగితే ఆ రంధ్రంలోంచే గ్యాస్ వాసన వస్తుంది. మంట ఎప్పుడూ లేనంత ఎత్తుగా లేస్తున్నా, నాబ్ తిప్పితే గట్టిగా తగలకుండా వదులుగా తిరుగుతున్నా రెగ్యులేటర్ పాడైందని అర్థం. విప్పి బాగుచేసే వస్తువు కాదది, ఏజెన్సీలో మార్చుకోవాల్సిందే.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది పైపు. ఐఎస్ 9573 ప్రమాణం ముద్ర ఉన్న, లోపల ఉక్కు తీగ అల్లిన నారింజ రంగు ‘సురక్ష’ పైపుకు 5 ఏళ్ల ఆయువు. పైపు మీదే తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. ఎక్స్‌పైరీ అన్న మాట నిజంగా వర్తించేది ఈ వస్తువుకే, దాన్ని చూసేవారు మాత్రం తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం కింద, 2016 నుంచి ఉజ్వల కింద కనెక్షన్లు వచ్చిన ఇళ్లలో బండలు నెలనెలా మారుతూ వచ్చాయి. మొదటిరోజు బిగించిన పైపు అలాగే ఉండిపోయిన ఇళ్లు తక్కువేం కాదు.

పైపు దెబ్బతినేది సాధారణంగా రెండు చివర్లలో. పొయ్యి వైపు చివర వేడికి గట్టిపడి, నాజిల్ మీద పట్టు కోల్పోతుంది. వంచితే సన్నటి గీతల్లా బీటలు కనిపిస్తాయి. గట్టు కింద చీకట్లో ఉండే భాగాన్ని ఎలుకలు కొరుకుతాయి. ఉక్కు తీగ లేని పాత ఆకుపచ్చ రబ్బరు పైపును ఎలుక ఒక్క రాత్రిలో తెంపగలదు. పైపు తెగితే సన్నటి లీకు లెక్కలు పనిచేయవు, ఒకేసారి పెద్ద ఎత్తున గ్యాస్ వస్తుంది. రాత్రి పడుకునే ముందు పొయ్యి నాబ్‌తో ఆగకుండా బండ దగ్గర రెగ్యులేటర్ కూడా ఆఫ్ చేయమనేది ఇందుకే. రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉంటే పైపు తెగినా అందులో మిగిలిన కాస్త గ్యాసే బయటికి వస్తుంది.

పైపు పొడవు ఒకటిన్నర మీటరు దాటకూడదు. రెండు ముక్కలు కలిపి అతికించడం, గోడకు కన్నం పెట్టి అవతలికి లాగడం, పొయ్యి కిందుగా పోనివ్వడం, అందంగా ఉంటుందని గుడ్డ తొడుగు వేయడం, ఇవన్నీ బీటలను కంటికి కనపడకుండా చేసేవే. బండను గట్టు కింది అరలో పెట్టి తలుపు బిగిస్తే, ఆ తలుపుకు నేలకు ఆనుకుని కిందా, పైనా గాలి కన్నాలు ఉండాలి. కింది కన్నాలు లేని అర గ్యాస్‌ను పట్టి ఉంచే పెట్టె అవుతుంది. పొయ్యి ఎప్పుడూ బండకంటే ఎత్తులో ఉండాలి.

## బండ మార్చే రెండు నిమిషాలు

పొయ్యి నాబులన్నీ ఆఫ్, రెగ్యులేటర్ ఆఫ్, దగ్గర్లో దీపం గానీ అగరొత్తి గానీ వెలగకుండా చూసుకోవాలి, కిటికీ తెరిచి ఉండాలి. ఇవి కుదిరాకే కొత్త బండ మూత తీయాలి. వాషర్ చూశాక, రెగ్యులేటర్ కింది నల్లటి ప్లాస్టిక్ రింగును పైకెత్తి పట్టుకుని, వాల్వ్ మీద నిటారుగా పెట్టి కిందికి నొక్కుతూ కొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. రింగు వదిలితే టక్‌మని పడుతుంది. తర్వాత రెగ్యులేటర్ పట్టుకుని పైకి లాగితే ఊడి రాకూడదు. ఊడొస్తే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

అప్పుడు పొయ్యి నాబులు మూసే ఉంచి, రెగ్యులేటర్ ఆన్ చేసి, సబ్బు నురగను వాల్వ్ చుట్టూ, పైపు రెండు చివర్లా రాయాలి. ఒక్కచోట బుడగ ఉబ్బుతూ పెద్దదవుతుంటే అక్కడే లీకు. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే పాత అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. తీసిన మూతను దారంతో బండకే వేలాడనివ్వాలి, లీకు వచ్చినప్పుడు వాల్వ్‌ను మూయడానికి చేతికందే సాధనం అదే.

గ్యాస్ అయిపోవస్తుంటే బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో నిలబెట్టడం కూడా చేస్తుంటారు. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి దూరి, బర్నర్ దగ్గర మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆ చివరి పావుకిలో కోసం అంత సాహసం అక్కర్లేదు.

## వాసన వస్తే

ఎల్పీజీకి సొంత వాసన లేదు. లీకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనాన్ని కలుపుతారు, ఆ కుళ్లు వాసన దానిదే. ప్రొపేన్, బ్యూటేన్ కంటే అది నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి బండ అడుగుకు వచ్చేసరికి వాసన ఎక్కువవుతుంది. అప్పుడు వచ్చే వాసన అన్నిసార్లూ లీకు కాకపోవచ్చు, అయినా నురగతో చూసుకోవాలి. కొంతసేపు అదే గదిలో ఉంటే ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. జలుబు ఉన్నవారికి, పెద్ద వయసువారికి ముందే సరిగ్గా తెలియదు. బయటినుంచి వచ్చినవారు ‘గ్యాస్ వాసన వస్తోంది’ అంటే, ఇంట్లోవారికి రాకపోయినా నమ్మాలి.

వాసన గట్టిగా ఉంటే ఏ స్విచ్చునూ ముట్టుకోకుండా, నూనె దీపాలు ఆర్పి, చేరగలిగితే రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తలుపులు, కిటికీలు తెరవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకూడదు. చీపురుతోనో చేటతోనో నేలమీది గాలిని గుమ్మం వైపు తోయడం పనికొస్తుంది. అందర్నీ బయటికి పంపి, మెయిన్ స్విచ్ ఇంటి బయట, గ్యాస్ చేరని చోట ఉంటేనే దించాలి. ఫోన్ బయటికి వచ్చాకే. గ్యాస్ లీకేజీకి దేశమంతటా 24 గంటలూ పనిచేసే నంబరు 1906, మంటలకు 101 లేదా 112.

రెగ్యులేటర్ దగ్గర మంట వెలుగుతుంటే ఆర్పే పద్ధతి ముఖ్యం. గ్యాస్ రావడం ఆగకుండా మంట మాత్రమే ఆరిపోతే, బయటికొచ్చే గ్యాస్ పేరుకుని పేలుడుకు సిద్ధమవుతుంది. తడిపిన మందపాటి దుప్పటి చేతికి అడ్డం పెట్టుకుని నాబ్ తిప్పగలిగితే తిప్పాలి. చెయ్యి పెట్టలేనంత మంట ఉంటే ఇల్లు వదిలి వచ్చేయాలి. ఉక్కు బండ నిజంగా పగిలేది ఈ పరిస్థితిలోనే. చుట్టూ మంట ఎక్కువసేపు ఉంటే లోపలి ద్రవం మరిగి ఒత్తిడి పెరుగుతుంది, ద్రవం తాకని పైభాగం ఎర్రగా కాలి మెత్తబడుతుంది, అక్కడ చీలుతుంది. కాలిన చర్మం మీద 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. పేస్టు, సిరా, పసుపు పూయకూడదు.

## చిన్న బండలు, పైపుల గ్యాస్

హాస్టళ్లు, అద్దె గదులు, వలస కూలీల గుడిసెలు ఉన్నచోట పెద్ద బండ నుంచి చిన్న బండలోకి గ్యాస్ ఎక్కించే దుకాణాలు కనిపిస్తాయి. పెద్ద బండను తలకిందులుగా నిలబెట్టి పైపుతో ద్రవాన్ని దించుతారు. ఇది చట్టవిరుద్ధం. అధికారికంగా నింపే బండలో ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ వదులుతారు, ఇక్కడ ఆ కొలత ఉండదు. నిండా నింపిన బండ ఎండలో వేడెక్కితే ద్రవం వ్యాకోచించి ఉక్కును నెడుతుంది. ఆ చిన్న బండల్లో చాలావాటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్రే ఉండదు, వాల్వ్ మీద నేరుగా బర్నర్ బిగించి ఉంటుంది కాబట్టి మంటకీ ద్రవానికీ మధ్య జానెడు దూరం కూడా మిగలదు. చిరునామా పత్రం లేనివారికి ఆయిల్ కంపెనీలే గుర్తింపు కార్డు మీద 5 కిలోల బండ అమ్ముతున్నాయి, కొన్ని పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది.

హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో కొన్ని ఇళ్లకు పైపుల ద్వారా వచ్చేది మీథేన్. అది గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. 5 శాతం చేరితేగాని అంటుకోదు. ఇంట్లో 14 కిలోల నిల్వ ఉండదు. అందువల్ల లీకును పసిగట్టే అలారం కొనేటప్పుడు ఏ గ్యాస్‌కో అడిగి కొనాలి. ఎల్పీజీ అలారాన్ని నేలకు ఒక అడుగు ఎత్తులో, పైపుల గ్యాస్ అలారాన్ని కప్పుకు దగ్గరగా బిగించాలి. తారుమారైతే అలారం మోగేసరికి ఆలస్యమైపోతుంది.

## బీమా గురించి ఉన్నదెంత

గృహ వినియోగదారులకు ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా ఉంది, దానికి వినియోగదారుడు విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. గ్యాస్ వల్ల జరిగిన ప్రమాదంలో మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు. వైద్య ఖర్చులకు ఒక ఘటనకు మొత్తం 30 లక్షలు, అందులో ఒక్కొక్కరికి 2 లక్షలకు మించకుండా. ఆస్తి నష్టానికి నమోదైన చిరునామాలో అయితే 2 లక్షల దాకా. సందేశాల్లో తిరిగే 40 లక్షలు, 50 లక్షలు అన్న అంకెలు చూసి ఒక్కో కుటుంబానికి అంత వస్తుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది.

ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. ఏజెన్సీ నుంచి ఆయిల్ కంపెనీకి, అక్కడినుంచి బీమా సంస్థకు విషయం వెళుతుంది. పోలీసు ఎఫ్ఐఆర్, ఆసుపత్రి బిల్లులు, మరణిస్తే పోస్టుమార్టం నివేదిక, కనెక్షన్ పత్రం కావాలి. క్లెయిము చిక్కుల్లో పడేది ఎక్కువగా చిరునామా దగ్గర. ఇల్లు మారి ఏళ్లు గడిచినా కనెక్షన్ పాత చిరునామాలోనే ఉండటం, అద్దెకున్నవారు యజమాని పేరున ఉన్న బండ వాడటం, చనిపోయిన తండ్రి పేరునే బుక్ చేస్తూ పోవడం మామూలైపోయింది. చిరునామా మార్పు, పేరు మార్పు రెండూ ఏజెన్సీలో దరఖాస్తుతో అయ్యే పనులు. అయిదేళ్లకోసారి మెకానిక్ వచ్చి చేసే తనిఖీ రసీదును కూడా ఆ కనెక్షన్ పుస్తకంలోనే పెట్టుకోవాలి. పైపు మార్చిన తేదీ అందులో రాసి ఉంటుంది.